కూలర్ నీళ్లలో కలిపేదే హాల్లో పీల్చేది: ఒక ప్యాకింగ్ హాలు కేస్ స్టడీ

ఒక పెద్ద ప్యాకింగ్ హాలు. కప్పు మీద నాలుగు డైరెక్ట్ ఎవాపరేటివ్ కూలర్లు. ఒక్కొక్కటి గంటకు 30,000 ఘనపు మీటర్ల బయటి గాలిని తడి ప్యాడ్ల గుండా లాగి, చల్లబరిచి, డక్టుల్లోంచి హాల్లోకి వదులుతుంది. యాజమాన్యం నన్ను పిలిచింది వాసన గురించి. పొద్దున యూనిట్లు ఆన్ చేయగానే ముక్కిపోయిన వాసన, మధ్యాహ్నానికి కళ్ల మంటలు, బల్లల మీద తెల్లటి పొడి, పేర్చి పెట్టిన అట్టపెట్టెలు మెత్తబడిపోవడం. డక్టులు శుభ్రం చేయించాలని అప్పటికే కొటేషన్ తెప్పించుకున్నారు. నీళ్లు చూసేదాకా ఆ పని ఆపమన్నాను.

లైన్‌లో పనిచేసే ఒకావిడ చెప్పిన మాట ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. "సోమవారం లోపలికి రాగానే గొంతు పట్టేసినట్టు ఉంటుందండీ. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది, ఛాతీ బరువుగా ఉంటుంది. బుధవారానికి అంతా మామూలే" అంది. వేరే షిఫ్టులో ఇంకొకరూ ఇదే చెప్పారు. సెలవు తర్వాత మొదటి రోజు జ్వరంలా రావడం, వారం నడిచేకొద్దీ తగ్గడం అనేది హ్యూమిడిఫయర్ ఫీవర్‌లో కనిపించే క్రమం. నిలవ నీళ్లలో పెరిగిన బాక్టీరియా, వాటి నుంచి వచ్చే ఎండోటాక్సిన్లనే విషాలు గాలిలో కలిసినప్పుడు ఇలా జరుగుతుంది. రోగ నిర్ధారణ నా పని కాదు కాబట్టి, అలా చెప్పినవాళ్లందరినీ డాక్టరు దగ్గరికి పంపమని, "తడి గాలి యంత్రం కింద పనిచేస్తున్నాం" అని అక్కడ తప్పకుండా చెప్పించమని మేనేజర్‌ను అడిగాను. ఆ వివరం చెప్పకపోతే మామూలు జలుబని మందిచ్చి పంపేస్తారు.

కూలింగ్ టవర్ వేరు, ఇది వేరు

నీటి ట్రీట్‌మెంట్ చేసేవాళ్లలో చాలామందికి కూలింగ్ టవర్ల అనుభవం ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవులను చంపే బయోసైడ్ వేస్తారు, స్కేలు అంటే సున్నపు పెచ్చు కట్టకుండా ఆపే స్కేల్ ఇన్‌హిబిటర్ వేస్తారు. టవర్ వదిలే గాలి ఆకాశంలోకి పోతుంది. డైరెక్ట్ ఎవాపరేటివ్ కూలర్‌లో మాత్రం ప్యాడ్ దాటిన గాలి నేరుగా మనుషుల ముక్కు దగ్గరికి వస్తుంది. నీళ్లలో ఆవిరయ్యే గుణమున్న రసాయనం ఏది వేసినా అది గాలిలోకి లేస్తుంది. వేయకుండా వదిలేస్తే పెరిగే సూక్ష్మజీవులూ అదే దారిలో వస్తాయి. అందుకే ఈ యంత్రాల్లో నీటి ట్రీట్‌మెంట్ అంటే గాలి ట్రీట్‌మెంటే అని నేను గట్టిగా నమ్ముతాను. వెంటిలేషన్ మీద ఆష్రే (అమెరికా ఎయిర్ కండిషనింగ్ ఇంజినీర్ల సంఘం) ఇచ్చిన 62.1 స్టాండర్డ్ కూడా హ్యూమిడిఫయర్లు, నీళ్లు చిమ్మే వ్యవస్థల విషయంలో ఇదే గీత గీసింది. నీళ్లు తాగునీటి నాణ్యతకు తగ్గకూడదు, తాగునీటిలో ఉండే రసాయనాలు తప్ప వేరేవి గాలిలోకి వెళ్లే ఆవిరిలో ఉండకూడదు.

ఈ హాల్లో జరుగుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. "వాసన ఎక్కువైతే గోలీలు వేస్తున్నాం సార్. స్విమ్మింగ్ పూల్లో వేసేవే" అన్నాడు మెయింటెనెన్స్ చూసే అతను. వాసనను ఊరికే వదిలేయలేదు, తనకు తెలిసిన మందు వేశాడు. కానీ ఆ మందు ఇక్కడ రెండు విధాలా నష్టం చేసింది.

మొదటిది, అది పనిచేయలేదు. క్లోరిన్ నీళ్లలో హైపోక్లోరస్ ఆమ్లంగా ఉన్నప్పుడే బలంగా సూక్ష్మజీవులను చంపుతుంది. పీహెచ్ 7.5 దగ్గర దాదాపు సగం ఆ రూపంలో ఉంటుంది. ఈ కూలర్ల అడుగున ప్యాడ్లకు నీళ్లు అందించే తొట్లలో, అంటే సంపుల్లో, పీహెచ్ 8.9. గాలి ధారగా తగులుతుంటే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ ఇలా పైకి పోవడం మామూలే. 8.9 దగ్గర పనిచేసే రూపంలో మిగిలేది నూటికి నాలుగు పాళ్లు. పైగా పూల్ గోలీల్లో ఉండే సయన్యూరిక్ ఆమ్లం క్లోరిన్‌ను ఇంకా పట్టి ఉంచుతుంది. రెండోది, సంపు అడుగున బురదలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు తయారవుతాయి. పూల్ దగ్గర కళ్లు మండేది చాలావరకు వీటివల్లే. అవి తేలిగ్గా ఆవిరవుతాయి, ఫ్యాను వాటిని హాల్లోకి తోస్తుంది. గోలీలు వేసిన రోజుల పట్టీ, కళ్ల మంటల ఫిర్యాదుల పట్టీ పక్కపక్కన పెడితే వేరే వివరణ అక్కర్లేకపోయింది. గోలీలు వేసిన యూనిట్లలో సెల్యులోజ్ ప్యాడ్ అంచును వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. క్లోరిన్ ప్యాడ్‌నూ, దాన్ని గట్టిగా నిలిపే రెజిన్‌నూ తినేస్తుంది.

ప్యాడ్ మీద ఏముంది

నాలుగో యూనిట్ దగ్గరికి నిచ్చెన సరిగ్గా అందదు, అందుకని అందులో గోలీలు వేయలేదు. నీటి లెక్కకు నాకు కావలసింది అదే. గోలీలు క్లోరైడ్‌ను పెంచుతాయి కాబట్టి మిగతా మూడింటి శాంపిల్‌తో లెక్క కట్టలేం.

ప్యాడ్ బయటికి తీసి నిలువునా చీల్చి చూశాం. గాలి ముందుగా తగిలే అంచున వేలి మందాన తెల్లటి పెచ్చు కట్టింది. లోపలికి పోయేకొద్దీ పల్చబడి, వెనక భాగంలో ప్యాడ్ అసలు రంగు కనిపిస్తోంది. పైనుంచి కిందికి కొన్ని చారలు మరీ దట్టంగా ఉన్నాయి. వాటి పైన నీళ్లు పంచే పైపు చూస్తే ఆ చోట రంధ్రాలు పూడుకుపోయాయి. నీళ్లు సరిగ్గా దిగని చోట ప్యాడ్ తడిసీ తడవనట్టు ఉంటుంది. వచ్చిన కాస్త నీరూ అక్కడే ఆవిరై ఉప్పునంతా వదిలేస్తుంది. ప్యాడ్ పై ముఖం మీద చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 60 లీటర్లు దిగాలి. ఆవిరయ్యేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పోయించేది గాలిని చల్లబరచడానికే కాదు, ప్యాడ్‌ను కడగడానికి కూడా. ఇక్కడ బకెట్ పెట్టి కొలిస్తే అందులో సగం కూడా రాలేదు.

సంపు గోడ లోపల చేత్తో తడిమితే జిగురు. అడుగున రెండు వేళ్ల లోతు బురద. దాన్ని కదపగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది, అంటే గాలి సోకని అడుగు పొరలో సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడిపోయింది.

ఇప్పుడు నీటి రిపోర్టు. వచ్చేది బోరు నీళ్లు. కండక్టివిటీ (కరిగిన ఉప్పులను బట్టి నీళ్లు కరెంటును మోసే గుణం) 850 మైక్రోసీమెన్స్, హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం) లీటరుకు 320 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బనేట్) 280, క్లోరైడ్ 90. సంపులో కండక్టివిటీ 4,200, హార్డ్‌నెస్ 1,150, ఆల్కలినిటీ 790, క్లోరైడ్ 810.

సైట్‌లో వాళ్లు కండక్టివిటీ మీటరు ఒక్కటే చూసి "అయిదు సైకిల్సే కదా, ఫర్వాలేదు" అనుకుంటున్నారు. సైకిల్స్ అంటే వచ్చిన నీళ్లతో పోలిస్తే సంపు నీళ్లు ఎన్ని రెట్లు చిక్కబడ్డాయో ఆ అంకె. క్లోరైడ్ చూస్తే తొమ్మిది రెట్లు. క్లోరైడ్ ఎక్కడా గడ్డకట్టదు, నీళ్లు ఎంత చిక్కబడ్డాయో అదే నిజం చెబుతుంది. హార్డ్‌నెస్ కూడా తొమ్మిది రెట్లయితే 2,880 ఉండాలి, ఉన్నది 1,150. లీటరుకు సుమారు 1,730 మిల్లీగ్రాములు లెక్కకు రాలేదు. ఆల్కలినిటీ 2,520 ఉండాల్సింది 790 దగ్గర ఆగింది, అక్కడా తేడా అంతే. రెండూ ఒకే మోతాదులో మాయమయ్యాయంటే అది కాల్షియం కార్బనేట్‌గా ప్యాడ్‌లో కూర్చుందన్నమాట. సంపులో మిగిలిన హార్డ్‌నెస్‌లో ఎక్కువ భాగం మెగ్నీషియమే. కండక్టివిటీ తక్కువ చూపించడానికి కారణం కూడా ఇదే. గడ్డకట్టిన ఉప్పు మీటరుకు కనిపించదు. స్కేలు ఎంత ఎక్కువగా కడుతుంటే మీటరు అంత బాగుందని చూపిస్తుంది. కేసులో ఏ భాగం మర్చిపోయినా ఈ క్లోరైడ్ పోలిక మర్చిపోవద్దని నాతో పనిచేసే కుర్రాళ్లకు చెబుతుంటాను. టెస్ట్ కిట్‌తో కొద్ది నిమిషాల పని.

చిక్కబడిన నీళ్లను సంపు నుంచి కొద్దికొద్దిగా బయటికి వదిలే బ్లీడ్ వాల్వ్ పూర్తిగా మూసి ఉంది. "నీళ్లు ఊరికే డ్రైన్‌లోకి పోతున్నాయని పైవాళ్లు కట్టేయమన్నారు సార్" అన్నాడు మెయింటెనెన్స్ అతను. ఎండ బాగా ఉన్నప్పుడు, బయట 40 డిగ్రీలు, వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత) 24 అనుకుంటే, 85 శాతం సామర్థ్యమున్న ప్యాడ్ గాలిని దాదాపు 26.4 డిగ్రీలకు దించుతుంది. ఆ క్రమంలో కిలో గాలికి అయిదున్నర గ్రాముల పైచిలుకు నీరు చేరుతుంది. ఒక్కో యూనిట్‌కు గంటకు సుమారు 185 లీటర్లు ఆవిరవుతుంది. ఆవిరి వెంట ఉప్పు పోదు. హార్డ్‌నెస్ ఒక్కటే లెక్కేసుకున్నా గంటకు 59 గ్రాములు. పది గంటల పనిదినానికి ఒక్క యూనిట్‌లో అర కిలో పైన.

బ్లీడ్ మూసేస్తే సైకిల్స్ పెరుగుతూనే పోవాలి కదా, తొమ్మిది దగ్గర ఎందుకు ఆగాయి? నీళ్లు వేరే దారిలో పోతున్నాయి కాబట్టి. బ్లీడ్ లెక్క సులువు: ఆవిరైన నీటిని, సైకిల్స్‌లోంచి ఒకటి తీసేసిన అంకెతో భాగించాలి. 185ను ఎనిమిదితో భాగిస్తే 23. అంటే గంటకు 20 లీటర్ల పైనే ఎక్కడికో పోతోంది. కొంత క్యాబినెట్ జాయింట్ల నుంచి కారుతోంది. మిగతాది డక్టులోకి పోతోందని అనుమానం వచ్చింది.

తెల్ల పొడి ఎక్కడిది

డక్టు నుంచి హాల్లోకి గాలి వదిలే డిఫ్యూజర్ కింద నల్లటి అక్రిలిక్ షీటు వేలాడదీశాం. ముందు పంపు ఆపి ఫ్యాను ఒక్కటే నడిపాం. షీటు మీద కొద్దిపాటి దుమ్ము. షీటు తుడిచి, పంపు ఆన్ చేసి మళ్లీ పెట్టాం. ఈసారి ఆవగింజ కన్నా చిన్న చుక్కలు పడ్డాయి. అవి ఆరాక ఒక్కో చుక్క చుట్టూ సన్నటి తెల్ల వలయం మిగిలింది. వేలు రాస్తే గరుకు. దాని మీద పలచటి ఆమ్లం ఒక బొట్టు వేస్తే నురగ వచ్చింది, అంటే కార్బనేటే. గాలిలోని దుమ్మును లెక్కించే పార్టికల్ కౌంటర్‌లో పీఎం 10 కూడా పంపు ఆన్ చేయగానే ఎగిరింది. అయితే తడి గాలిలో ఆ యంత్రం నీటి బిందువులను కూడా దుమ్ముగా లెక్కేస్తుంది. అందుకని నేను నమ్మింది షీటునే.

ప్యాడ్ ముఖం మీద గాలి సెకనుకు 2.5 మీటర్లు దాటకుండా డిజైన్ చేస్తారు. 3 మీటర్లు దాటితే నీటి బిందువులు గాలితో కొట్టుకుపోతాయి. స్కేలుతో సగం దారులు మూసుకుపోతే అదే గాలి మిగిలిన దారుల్లోంచి దూసుకుపోతుంది. నీటిలో ఏముందో అదంతా ఆ బిందువులతో హాల్లోకి వస్తుంది: కాల్షియం, క్లోరిన్, బాక్టీరియా, అన్నీ. స్కేలు సమస్య, పొడి సమస్య, జ్వరం సమస్య అని మూడు ఫైళ్లుగా రాసుకున్నవి ఇక్కడ ఒకటయ్యాయి.

రెండో యూనిట్‌లో ఇంకో కారణం కూడా ఉంది. ఈ ప్యాడ్లలో గాడులు రెండు కోణాల్లో ఉంటాయి, ఒకటి 45 డిగ్రీలు, ఇంకోటి 15. నిటారుగా ఉన్న 45 డిగ్రీల గాడి, గాలి వచ్చే వైపుకు కిందికి వాలి ఉండాలి. అప్పుడే గాలి వెనక్కి తోసే నీటిని ఆ వాలు మళ్లీ ముందుకు లాగుతుంది. ఇక్కడ ప్యాడ్లను తిప్పి బిగించారు. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ చూసుకోవలసిన విషయం ఇది.

శని, ఆదివారాలు

యూనిట్లు నడిచేటప్పుడు సంపు నీళ్లు వెట్ బల్బ్ దగ్గరే, 24, 25 డిగ్రీల్లో ఉంటాయి. శనివారం సాయంత్రం ఆపేశాక నీళ్లు అలాగే నిలబెట్టేవారు. కప్పు మీద ఎండకు ఆదివారం మధ్యాహ్నం 36 డిగ్రీలు చూపించింది. న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, 35 దాటాక దానికి బాగా అనుకూలం. చల్లగా నడిచే, నీళ్లు చిమ్మని ప్యాడ్ కూలర్లలో ఆ ముప్పు తక్కువే. కానీ ఎండలో నిలవ ఉన్న నీళ్లు, చుక్కలు ఎగరేసే ప్యాడ్ రెండూ కలిస్తే ఆ భరోసా పోతుంది. డిప్ స్లైడ్ (నీళ్లలో ముంచి బాక్టీరియాను లెక్కించే పలక) మీద సోమవారం పొద్దున మిల్లీలీటరుకు పది లక్షల కాలనీలు. కూలింగ్ టవర్లకే పదివేలు దాటితే చూసుకోమంటారు, లక్ష దాటితే వెంటనే సరిదిద్దమంటారు. లెజియోనెల్లా కల్చర్‌కు శాంపిల్ పంపాం. రిపోర్టుకు రెండు వారాల దాకా పడుతుంది, దానికోసం పని ఆపలేదు. చివరికి లేదనే వచ్చింది. దాని మీద ఎవరినీ నిశ్చింతగా ఉండమని నేను చెప్పలేదు, ఆ రోజు ఆ శాంపిల్‌లో లేదని మాత్రమే అర్థం.

గాలి వైపు

హాలు మధ్యలో కార్బన్ డయాక్సైడ్ 500 పీపీఎం లోపే. వంద శాతం బయటి గాలి ఇచ్చే వ్యవస్థకు అది సహజం. తాజా గాలికి కొరత లేదు. కొరతంతా గాలి బయటికి పోయే దారికే. నాలుగు యూనిట్ల గాలి కలిపితే సెకనుకు 33 ఘనపు మీటర్లు. అది సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో బయటికి పోవాలంటే 13 చదరపు మీటర్ల పైగా ఖాళీ కావాలి. పిట్టలు వస్తున్నాయని కప్పు మీద గాలి బయటికి పోయే లూవర్లకు రేకులు కొట్టేశారు, మిగిలింది అయిదు చదరపు మీటర్లు. తలుపు తీస్తే ఎదురుగాలి కొడుతోంది, లోపల తేమ 78 శాతం. అట్టపెట్టెలు మెత్తబడింది అందుకే. రేకులు తీసి వల కట్టించాం, తేమ 65 దగ్గరికి దిగింది.

పీఎం 2.5, అంటే సన్న దుమ్ము, లోపలా బయటా దాదాపు ఒకటే. తడి ప్యాడ్ గాలిని కడుగుతుందని చాలామంది అనుకుంటారు. పెద్ద దుమ్మును పట్టుకుంటుంది, నిజమే. సన్న దుమ్మును పట్టుకోదు. పట్టుకున్న పెద్ద దుమ్మేమో సంపులో బురదై సూక్ష్మజీవులకు మేత అవుతుంది. అందుకని ప్యాడ్ ముందు కడిగి వాడే ఫిల్టర్ పెట్టించాం. ఇంకా సన్న ఫిల్టర్ పెట్టడానికి ఈ ఫ్యాన్ల ఒత్తిడి చాలదు.

ఏం చేశాం

గోలీలు ఆపించడం మొదటి పని. సంపులు, పైపులు రాత్రిపూట ఫ్యాన్లు ఆపి, డక్టు డ్యాంపర్లు మూసి క్లోరిన్ నీళ్లతో శుభ్రం చేశాం, పూర్తిగా కడిగేశాకే నడిపాం. క్లోరిన్‌కు ఈ యంత్రంలో చోటు అక్కడే, మనుషులు లేనప్పుడు, గాలి కదలనప్పుడు. ప్యాడ్లన్నీ మార్చాం. ఆమ్లంతో కరిగించి పాతవే వాడదామన్న సలహాకు నేను ఒప్పుకోలేదు, లోపలి జిగురు అలా పోదు.

బోరు నీళ్లతో బ్లీడ్ ఎంత పెంచినా ఈ హార్డ్‌నెస్‌కు స్కేలు ఆగదు. సైకిల్స్ రెండుకు దించినా నీళ్లకు స్కేలు కట్టే గుణం ఎంతో చెప్పే లాంగ్లియర్ ఇండెక్స్ 1.8 దగ్గరే ఉంటోంది. సాఫ్ట్‌నర్ పెడదామన్నారు. అది కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, ఆల్కలినిటీ తగ్గదు, పీహెచ్ అలాగే పైకి పోతుంది. హార్డ్‌నెస్ లేని, పీహెచ్ ఎక్కువున్న నీళ్లు ఈ జింక్ పూత సంపుల్లో తెల్ల తుప్పు తెస్తాయి. ప్లాంటులో వేరే అవసరానికి పెట్టిన ఆర్‌ఓ ఉంది, పగలు దాని నీళ్లు మిగులుతున్నాయి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు ప్యాడ్‌లోని రెజిన్‌ను, సంపు లోహాన్ని లాగేస్తాయి కాబట్టి రెండు పాళ్లు ఆర్‌ఓ, ఒక పాలు బోరు కలిపాం. సంపులోకి కొత్తగా వచ్చే నీళ్ల కండక్టివిటీ 290 దగ్గరికి వచ్చింది. కండక్టివిటీ కంట్రోలర్ పెట్టి సంపులో 900 దాటితే బ్లీడ్ తెరుచుకునేలా సెట్ చేశాం, అంటే మూడు సైకిల్స్. ఇండెక్స్ 1 దగ్గరికి దిగింది.

నీళ్ల గురించి మేనేజర్ టెన్షన్ సహజమే. బాగా ఎండ ఉన్నప్పుడు మూడు సైకిల్స్‌లో యూనిట్‌కు గంటకు 277 లీటర్లు పడతాయి, ఆరు సైకిల్స్ అయితే 222 చాలు. ఆర్‌ఓ రిజెక్ట్ నీళ్లు దీనికి అదనం. వాటిని టాయిలెట్ ఫ్లష్ లైనుకు కలిపాం. మిగిలే నీళ్ల కోసం మళ్లీ ప్యాడ్లు పాడుచేసుకోవడం లాభం కాదని పాత ప్యాడ్ ముక్క టేబుల్ మీద పెట్టి చెప్పాను.

సాయంత్రం పంపు ముందుగా ఆగుతుంది. ఫ్యాను అరగంట నడిచి ప్యాడ్లు ఆరాక ఆగుతుంది. మోటార్ వాల్వ్ తెరుచుకుని సంపు ఖాళీ అవుతుంది. ఇదంతా టైమర్ మీదే, మనిషి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆరిన ప్యాడ్ మీద పాచి నిలవదు. ఈ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదేనని నా అభిప్రాయం. సంపులకు ఎండ, వెలుతురు తగలకుండా కప్పు వేశాం. యూవీ దీపం పెట్టమని ఒక సప్లయర్ పట్టుబట్టాడు. యూవీ తన ముందునుంచి పారే నీటిని శుద్ధి చేస్తుంది, ప్యాడ్ మీది జిగురును ముట్టుకోదు. రోజూ ఖాళీ చేసి ఆరబెట్టడం నిలకడగా జరిగాక ఇంకా అవసరముంటే చూద్దామన్నాను. అవసరం రాలేదు.

వాసన ముందు పోయింది. కళ్ల మంటలు గోలీలతోనే ఆగాయి. డిప్ స్లైడ్ పదివేల లోపే ఉంటోంది, నల్ల షీటు మీద వలయాలు లేవు. సోమవారం ఫిర్యాదులు తగ్గుతూ ఆగిపోయాయి. ఆ సీజన్ చివర ప్యాడ్ తీసి చూస్తే ముందు అంచున సన్నటి తెల్ల మరక తప్ప పెచ్చు లేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఒకటో యూనిట్ కింద లారీలు ఇంజిన్ ఆపకుండా నిలబడతాయి. ఆ వైపు పనిచేసేవాళ్ల తలనొప్పికి నీళ్లతో సంబంధం లేదు, డీజిల్ పొగ ఆ యూనిట్ గుండా లోపలికి వస్తోంది. లారీలు నిలిచే చోటుకు, గాలి తీసుకునే చోటుకు మధ్య కనీసం 7.5 మీటర్లు ఉండాలి, ఇక్కడ అందులో సగం లేదు. లారీల వరుస వెనక్కి జరిపించారు గానీ రద్దీ రోజుల్లో మళ్లీ అక్కడికే వస్తున్నాయి. ఆ యూనిట్‌ను కప్పు అవతలి కొసకు మార్చే డ్రాయింగ్ ఇచ్చాను. డక్టు పని ఆఫ్ సీజన్‌లో మొదలవుతుంది. అప్పటిదాకా లారీ లోడింగ్ జరిగే గంటల్లో ఆ ఒక్క యూనిట్ ఆపి ఉంచమని రాసిచ్చాను.